ముప్పై ఒక్క చెక్కముక్కలు

కిందటి వేసవిలో మా ఇంట్లో వడ్రంగి పని పెట్టుకున్నాం. పడగ్గదిలో పాత చెక్క బీరువాకి చెదలు పట్టాయి. అది తీసేసి గోడకి అల్మరాలు కట్టించాలి. సరిగ్గా ఆ వారమే మా అమ్మాయి నాలుగేళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని సెలవులకి వచ్చింది. వాడితో పాటు వాడి ఫైరింజన్ కూడా దిగింది. ఎర్రగా నిగనిగలాడిపోతోంది. మీట నొక్కితే సైరన్ మోగుతుంది, దీపాలు గిర్రున తిరుగుతాయి, నిచ్చెన దానంతటదే పైకి లేస్తుంది, చివర్లో ఇంగ్లీషులో ఓ పాట కూడా పాడుతుంది. ఖరీదు రెండు వేల నాలుగు వందలట.

మొదటిరోజు వాడు ఆ మీట ఎన్నిసార్లు నొక్కాడో లెక్కలేదు. ఆ పాట మా పక్కింటివాళ్ళకి కూడా వచ్చేసి ఉంటుంది. రెండోరోజు లోపల ఏముందోనని నిచ్చెన వెనక్కి వంచి చూశాడు. వాళ్ళమ్మ కేకలేసింది. మూడోరోజుకి ఫైరింజన్ సోఫా కిందికి చేరింది.

ఆ మూడోరోజే వాడి కన్ను వడ్రంగి మేస్త్రి మీద పడింది. రంపం దగ్గరికి రాకూడదని గడప ఇవతల పీట వేసి కూర్చోబెట్టాం. గది మూలన తెగిన ముక్కలు కుప్పగా పడుతున్నాయి. టేకు బీడింగ్ చివరలు, సొరుగుల పక్కలకి కోయగా మిగిలినవి. కొన్ని చదరంగా, కొన్ని జానెడు పొడవు. ఒకటి మాత్రం ఏటవాలుగా తెగి ఎటూ కాకుండా ఉంది. మేస్త్రి వాడి చూపు గమనించి, "ఇద్దునా సార్?" అన్నాడు. తలూపాను. పని ఆపి, బీడీ కూడా పక్కన పెట్టి, ఒక్కో ముక్క అంచులూ ఎమిరీ పేపరుతో రుద్దాడు. బొటనవేలితో తడిమి చూసి మరీ గడప ఇవతలికి తోశాడు. ప్లైవుడ్ ముక్కలు మాత్రం ఇవ్వలేదు. "వీటికి పేళ్ళు లేస్తాయి సార్, బాబు చేతిలో గుచ్చుకుంటాయి" అన్నాడు.

లెక్కపెడితే ముప్పై ఒకటి తేలాయి.

కాసేపటికి నాలుగు పొడుగు ముక్కలు నిలబెట్టి, మీద ఒకటి అడ్డంగా పెట్టి, బోర్లా పడుకుని దానిలోంచి చూస్తున్నాడు.

"ఏంట్రా అది?"

"లిఫ్టు."

"మరి కదలదే?"

"కరెంటు పోయింది తాతయ్యా. లోపల ఆంటీ ఉంది."

ఆంటీ ఎవరంటే, ఆ ఏటవాలు ముక్క. పది నిమిషాల తర్వాత ఆంటీ ఇస్త్రీపెట్టె అయింది, నా చేతిరుమాలు ఇస్త్రీ అయిపోయింది. భోజనాలయ్యాక అదే జారుడుబల్ల, సాయంత్రానికి పడవ ముక్కు. మళ్ళీ లిఫ్టు కట్టినప్పుడు ఆంటీని కాపాడటానికి సోఫా కింద నుంచి ఫైరింజన్ బయటికి వచ్చింది. స్విచ్ ఆపేసి ఉంది. సైరన్ వాడే నోటితో మోగించాడు.

మూడు రోజులుగా చేతిలో ఉన్న బొమ్మతో వాడు అప్పుడే మొదటిసారి ఆడాడనిపించింది. అంతకు ముందు చేసిందల్లా దాన్ని నడపడమే.

బంగారు బండి కోసం ఏడ్చిన పిల్లాడు

ఇక్కడితో ఆపి, 'మా చిన్నతనంలో అయితేనా' అని మొదలుపెట్టొచ్చు. ఆ పాట నాకంతగా రుచించదు. నేను మా ఊరి తిరునాళ్ళలో కీ ఇస్తే డప్పు కొట్టే కోతిబొమ్మ కోసం దుమ్ములో పడి దొర్లినవాణ్ణే. మెరిసేది కావాలని పిల్లలు ఏడవడం ఈ కాలపు జబ్బేమీ కాదు.

శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో చారుదత్తుడి కొడుకు రోహసేనుడు ఏడ్చిన ఏడుపు అదే. పక్కింటి వర్తకుడి కొడుకు దగ్గర బంగారు బండి ఉంది. కాసేపు ఆడుకోనిచ్చి వాళ్ళు తీసేసుకున్నారు. దాసి రదనిక మట్టితో చిన్న బండి చేసి ఇచ్చింది. నాకీ మట్టిది వద్దు, ఆ బంగారుదే కావాలని వాడి గోల. వసంతసేన చూసి కరిగిపోయి, ఒంటిమీది నగలన్నీ తీసి ఆ మట్టిబండిలో నింపి, బంగారు బండి చేయించుకోమంది. కథ తెలిసినవాళ్ళకి మిగతాదీ తెలుసు. ఆ నగలే తర్వాత న్యాయస్థానంలో బయటపడి, చారుదత్తుణ్ణి వధ్యస్థానం దాకా నడిపించాయి. పిల్లాడి మారాం తీర్చబోతే తండ్రి మెడకి చుట్టుకుంది. అయినా శూద్రకుడు నాటకానికి బంగారు బండి పేరు పెట్టలేదు, మట్టిబండి పేరు పెట్టాడు.

పిల్లలు అడిగేది ఒకటి, వాళ్ళకి పనికొచ్చేది ఇంకొకటి కావచ్చు. అన్నం విషయంలో మనకిది తెలుసు. చిప్స్ అడిగారని మూడుపూటలా చిప్స్ పెట్టం. బొమ్మల దుకాణంలోకి వెళ్ళేసరికి ఈ తెలివి ఎందుకో గుమ్మం బయటే ఆగిపోతుంది.

దానికో కారణం నాకు తోస్తుంది. మీట బొమ్మ తన విద్యంతా దుకాణంలోనే రెండు నిమిషాల్లో చూపించేస్తుంది. కుర్రాడు కౌంటరు మీది బొమ్మని ఒక్క నొక్కు నొక్కితే చాలు, మోగుతుంది, వెలుగుతుంది, మనం పర్సు తీస్తాం. చెక్క దిమ్మల పెట్టెకి దుకాణంలో చూపించడానికేమీ లేదు. ఏదన్నా జరిగేది ఇంటికి వెళ్ళాకే, అదీ రెండో మూడో రోజున. ఇంకో సంగతి. ఆడుకునేది పిల్లలే గానీ కొనేది మనం. పుట్టినరోజుకి పట్టుకెళ్ళే బొమ్మ ఇచ్చే చేతికి గొప్పగా కనిపించాలి. "మా వాడికి దిమ్మలు ఇచ్చారండీ" అంటే ఎవరికి గొప్ప?

పోస్టుకార్డు గుర్రం కాదు

పుల్ల తొడల మధ్య పెట్టుకుని "టక్‌టక్" అంటూ పరిగెత్తే పిల్లాడి బుర్రలో ఏం జరుగుతుందో రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ విగోట్‌స్కీ 1933లో ఒక ఉపన్యాసంలో చెప్పాడు. పసిబిడ్డకి వస్తువూ దాని అర్థమూ ఒకటే. గుర్రం అంటే ఎదురుగా కనిపించే గుర్రమే. ఎదురుగా లేని గుర్రాన్ని తలుచుకోవడం వాడికింకా చేతకాదు. పుల్ల దొరికాక, గుర్రంలోంచి గుర్రపుతనాన్ని ఊడదీసి పుల్లకి తొడుగుతాడు. వస్తువు నుంచి అర్థాన్ని విడదీయడం అదే మొదలు. 'అ' అనే గీతలు ఒక ధ్వనికి గుర్తు అని రేపు బళ్ళో ఒప్పుకోవాలన్నా, x అంటే తెలియని సంఖ్య అని పదేళ్ళ తర్వాత ఒప్పుకోవాలన్నా ఇదే విద్య కావాలి.

ఆయన ఒక షరతు కూడా పెట్టాడు. ఏ పుల్లయినా గుర్రమవుతుంది గానీ పోస్టుకార్డు గుర్రం కాలేదు. దాన్ని కాళ్ళ మధ్య పెట్టుకుని పరిగెత్తడం కుదరదు. పిల్లల ఊహ అంటే గాలిలో మేడలు కట్టడమని మనం అనుకుంటాం, అది చాలా లెక్కగల పని. మా వాడు ఏటవాలు ముక్కని ఇస్త్రీపెట్టె చేశాడు, చదరపు ముక్కని చెయ్యలేదు. ముక్కులాంటిది ముందుకి పొడుచుకు వస్తేనే కదా చొక్కా మడతల్లో దూరేది!

మరి నిజం గుర్రంలాగే సకిలించే, జూలు ఊగే, కళ్ళు ఆర్పే ప్లాస్టిక్ గుర్రం ఇస్తే? అది గుర్రమే అవుతుంది. రేపూ గుర్రమే. ఎల్లుండి దాన్ని ఇస్త్రీపెట్టెగా మార్చాలంటే ముందు దాంట్లోంచి గుర్రాన్ని తరమాలి. అంత ఓపిక ఏ పిల్లాడికీ ఉండదు.

మాటల సంగతీ ఇంతే. అమెరికాలో నార్తర్న్ ఆరిజోనా విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా సోసా, పది నుంచి పదహారు నెలల పిల్లలున్న 26 కుటుంబాలకి మూడు రకాల సామాను ఇచ్చి, ఇంట్లో ఆడుకుంటుండగా మాటలు రికార్డు చేయించింది. ఒకటి బ్యాటరీ బొమ్మలు: పసిపిల్లల లాప్‌టాప్, మాట్లాడే పశువుల కొట్టం, ఫోను. రెండోది చెక్క పజిల్, దిమ్మల లాంటి మామూలు సామాను. మూడోది పుస్తకాలు. ఫలితాలు 2016లో అమెరికా వైద్యసంఘం వారి పిల్లల వైద్య పత్రికలో వచ్చాయి. బ్యాటరీ బొమ్మలు ముందున్నప్పుడు తల్లిదండ్రులు తక్కువ మాట్లాడారు, పిల్లల నోట శబ్దాలూ తగ్గాయి, ఒకరి మాటకి ఒకరు బదులిచ్చుకోవడమూ తగ్గింది. బొమ్మే మాట్లాడుతుంటే మనమెందుకని ఊరుకున్నారన్నమాట. అన్నిటికంటే ఎక్కువ మాటలు పుట్టించినవి పుస్తకాలు.

ఓహియోలోని టొలేడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఇంకో సంగతి చూశారు. రెండేళ్ళకి అటూ ఇటూ ఉన్న 36 మంది పిల్లలని ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారు బొమ్మలతో వదిలారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కోదానితో ఎక్కువసేపు ఆడారు, ఎక్కువ రకాలుగా ఆడారు. ఇరవై ఆరుగురు, ముప్పై ఆరుగురు అంటే లెక్కకి చిన్నవే, వీటిని పట్టుకుని తీర్పులు చెప్పేయలేం. కానీ ఇంటినిండా బొమ్మలున్నా "ఏం తోచట్లేదమ్మా" అని పిల్లలు కాళ్ళకి చుట్టుకోవడం చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనిపించదు.

వడ్రంగుల చేతి చలవ

తెగిన చెక్కముక్కల్ని పిల్లల చేతిలో పెట్టొచ్చన్న ఆలోచనకి చాలా పెద్ద చరిత్రే ఉంది. జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఆయన స్ఫటికాల శాస్త్రం చదివాడు. ఉప్పురాయి నుంచి వజ్రం దాకా అన్నీ కొన్ని ఆకారాల పేర్పేనని చూసి చూసి, చిన్నపిల్లల చేతికీ అవే ఆకారాలివ్వాలనుకున్నాడు. 1837లో బాద్ బ్లాంకెన్‌బర్గ్ అనే ఊళ్ళో చిన్నపిల్లల ఆటశాల పెట్టాడు. మూడేళ్ళ తర్వాత దానికి పెట్టిన పేరే ఇవాళ మన వీధి చివరి బడి బోర్డు మీద కూడా ఉంటుంది, కిండర్‌గార్టెన్. ఆ పేరు పెట్టుకున్న చాలా బళ్ళలో మూడేళ్ళవాళ్ళు నాలుగు గీతల కాపీల్లో అక్షరాలు దిద్దుతుంటారు. ఫ్రోబెల్ చూస్తే ఏమనేవాడో!

ఆయన తన బొమ్మల్ని 'కానుకలు' అన్నాడు. మొదటి కానుక రంగు ఊలు బంతులు. రెండోది చెక్క గోళం, ఘనం, స్తూపం. మూడోది ఒకే ఘనాన్ని ఎనిమిది చిన్న ఘనాలుగా కోసింది. ఎనిమిదే ముక్కలు. వాటితోనే కుర్చీ, బావి, సింహాసనం, రైలు అన్నీ. ప్రష్యా ప్రభుత్వానికి ఇది కూడా ప్రమాదంగానే కనిపించింది. 1851లో కిండర్‌గార్టెన్లని నిషేధించింది. మరుసటేడు ఫ్రోబెల్ పోయాడు. 1860లో నిషేధం తొలగింది. చిన్నపిల్లల ఆటశాలకి ఒక రాజ్యం భయపడిందంటే అందులో ఏదో ఉన్నట్టే.

1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కానుకలు చూసి ఒక తల్లి తొమ్మిదేళ్ళ కొడుక్కి కొనిపెట్టింది. ఆ కుర్రాడు ఫ్రాంక్ లాయిడ్ రైట్. అమెరికా కట్టడాల రూపురేఖల్నే మార్చినవాడు. ఆ నున్నటి దిమ్మల స్పర్శ తన వేళ్ళని వదల్లేదని ముసలితనంలో కూడా చెప్పుకున్నాడు. మరొకాయన బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. చూపు సరిగా లేని పసివాడు. కిండర్‌గార్టెన్లో బఠాణీ గింజలూ పుల్లలూ ఇచ్చి ఇల్లు కట్టమంటే, మిగతా పిల్లలు తాము చూసిన ఇళ్ళలాగా చదరాలు కట్టారట. ఇతనికి ఇళ్ళు సరిగా కనిపించలేదు కాబట్టి చేతికి ఏది గట్టిగా నిలబడిందో అదే కట్టాడు, త్రికోణాలు. పెద్దయ్యాక త్రికోణాలతో అల్లిన గుమ్మటాలకి ఆయన పేరు ప్రపంచమంతా మోగింది.

ఈ త్రికోణం మన దేశంలోనూ ఇంకో దారిన తేలింది. కాన్పూర్ ఐఐటీలో 1975లో ఇంజనీరింగ్ ముగించిన అరవింద్ గుప్తా లారీల కంపెనీలో ఉద్యోగం చేస్తూ సెలవు పెట్టి, మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లె బళ్ళకి వెళ్ళాడు. అక్కడి సంతల్లో దొరికే సైకిలు వాల్వు ట్యూబుని చిన్న ముక్కలుగా కోసి, అగ్గిపుల్లలు అతికే కీళ్ళుగా వాడాడు. పుల్లలు నాలుగు కలిపితే చతురస్రం, వేలితో నొక్కితే పక్కకి వాలిపోతుంది. మూడు కలిపితే త్రికోణం, ఎంత నొక్కినా కదలదు. వంతెనల దూలాల్లో త్రికోణాలెందుకు ఉంటాయో చెప్పడానికి ఇంకో పాఠం అక్కర్లేదు. 2018లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. నేను మా అబ్బాయికి చిన్నప్పుడు ఇది చేసి చూపించాను. అగ్గిపుల్లల మందు గీకేసి మరీ ఇచ్చాను లెండి.

ఇక డెన్మార్క్‌లో బిలుండ్ అనే పల్లె. ఓలె కిర్క్ క్రిస్టియన్సన్ అనే వడ్రంగి, మాంద్యం రోజుల్లో ఇళ్ళ పనులు దొరక్క 1932లో చెక్కబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాడు. అదే తర్వాత లెగో కంపెనీ అయింది. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ ఇటుకకి 1958లో పేటెంటు అడిగారు. ఎనిమిదేసి బొడిపెలున్న ఇటుకలు, ఒకే రంగువి, ఆరు తీసుకుంటే ఎన్ని రకాలుగా అతకొచ్చో ఒక గణిత ప్రొఫెసరు కంప్యూటర్‌తో లెక్క తీయించాడు: 91,51,03,765. ఆరు ఇటుకలకే తొంభై ఒక్క కోట్ల పైమాట! అంత విద్య ఉన్న ఇటుకలని ఇప్పుడు ఎక్కువగా ఎలా అమ్ముతున్నారు? పెట్టె మీద సినిమా విమానం బొమ్మ, లోపల అంకెలేసిన సంచులు, పుస్తకంలో వరసక్రమం. పిల్లాడు రెండు గంటలు చూసి చూసి అతికిస్తే పెట్టె మీది విమానమే వస్తుంది. దాన్ని అద్దాల బీరువాలో పెడతాం, విప్పితే తిడతాం. కోట్లలో ఒక్కటి తీసుకుని మిగతావి పారేయడమంటే ఇదే. ఇంట్లో అలాంటి విమానం ఉంటే ఒకసారి మనమే విప్పేసి, ఇటుకలన్నీ బేసిన్లో కలిపేసి వాడి ముందు పెట్టడం మంచిది.

ఉప్పు చాల్లేదే

మన దగ్గర పిల్లల ఆట సామాను చాలాకాలం పిల్లలే చేసుకున్నారు. ఎండాకాలం ముంజెలు జుర్రుకున్నాక తాటికాయలు పారేసేవాళ్ళం కాదు. సమానంగా ఉన్నవి రెండు ఏరి, మధ్య జానెడు వెదురుపుల్ల గుచ్చితే ఇరుసు. పంగలకర్ర తెచ్చి పంగని ఇరుసు మీద ఆనిస్తే బండి. తోసుకుంటూ చెరువుగట్టు దాకా పరుగు. రెండు కాయలూ సమానంగా లేకపోతే బండి చిన్నకాయ వైపే తిరిగిపోయేది. ఎందుకలా అని ఎవరూ చెప్పలేదు. పెద్దకాయ వెతకాలని మాత్రం తెలిసిపోయింది. తెలంగాణలోనూ రాయలసీమలోనూ జొన్న దంటు వలిచి, పైబద్దలనే లోపలి బెండు ముక్కలకి గుచ్చి ఎడ్లబండి, కళ్ళద్దాలు చేసేవారు. ఒక మేకు లేదు, చుక్క జిగురు లేదు.

చేతిపనివాళ్ళు చేసి ఇచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టం లక్కపిడతలు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు. అక్కడ మెత్తటి అంకుడు కర్రని తరిమెన పడతారు. కర్ర గిర్రున తిరుగుతుండగా రంగు కలిపిన లక్క బద్దని దానికి ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. కుంచె పని లేదు. ఊరి నుంచే వచ్చిన సి.వి. రాజు గారు రసాయన రంగులు మాన్పించి పసుపు, నీలి, జాఫ్రా గింజల లాంటి వాటి రంగులని మళ్ళీ తీసుకొచ్చారు. పసిపిల్లలు బొమ్మని ముందు నోట్లోనే పెట్టుకుంటారు కాబట్టి ఇది చిన్న సంగతి కాదు. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

కొండపల్లి బొమ్మల్ని తక్కువ చేయను. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురూ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో కాళ్ళూ చేతులూ అతికి, తాటిచెట్టెక్కే గీతగాడిని నిలబెట్టే పనితనం ఎవరికొస్తుంది? కానీ అది కంటికి పెట్టిన బొమ్మ, కొలువులో ఉండాల్సింది. పిల్లాడు పట్టుకుంటే గీతగాడు చెట్టు దిగిపోతాడు. లక్కపిడతలు అలా కాదు. చిన్న పొయ్యి, కుండ, రోలు, తిరగలి, బిందె, గరిటె. అందులో మనుషులుండరు. కథా ఉండదు. మనుషులు ఆడుకునే పిల్లలే, కథ వాళ్ళదే.

మా అక్కకి ఒక బుట్టెడు ఉండేవి. జామాకు కూర, ఇసుక అన్నం, ఇటుకపొడి కారం. వంటయ్యాక వరండాలో కూర్చున్న నాయనమ్మకి పిడతలో వడ్డించేది. నాయనమ్మ దాన్ని నోటి దగ్గరికి తీసుకెళ్ళి, పెదవులు చప్పరించి, కాసేపు ఆలోచించి, "ఉప్పు చాల్లేదే" అనేది. అక్క నొచ్చుకోకుండా వెనక్కి వెళ్ళి, వట్టి వేళ్ళతో చిటికెడు ఉప్పు తీసి చల్లి, గరిటెతో తిప్పి మళ్ళీ తెచ్చేది. "ఆఁ, ఇప్పుడు కుదిరింది." నాయనమ్మకి చదువు రాదు. పిల్లలతో ఆడటం గురించి నేను ఆ తర్వాత చదివిన పుస్తకాలేవీ ఆ 'ఉప్పు చాల్లేదే' దాటి పెద్దగా చెప్పలేదు. ఆటని మెచ్చుకోలేదావిడ, పాఠంగానూ మార్చలేదు. 'ఇవి ఎన్ని పిడతలే, లెక్కపెట్టు చూద్దాం' అనలేదు. ఆటలోకి వచ్చి ఒక చిన్న చిక్కు పెట్టింది, అంతే.

ఇల్లు చిందరవందర అవుతుంది, నిజమే

మా అమ్మాయి అభ్యంతరం ఒకటుంది, న్యాయమైనదే. "నీకేం నాన్నా, వారం ఉంటాడు. ఫ్లాటులో అడుగడుక్కీ చెక్కముక్క తగిలితే తెలుస్తుంది. ఆఫీసు కాల్‌లో ఉన్నప్పుడు ఆ ఫైరింజనే వాణ్ణి పావుగంట కూర్చోబెడుతుంది." కాదనను. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో పావుగంట అంటే మాటలా? మీట బొమ్మలన్నీ చెత్తబుట్టలో వేయమని నేను చెప్పడం లేదు. ఇంట్లో అవి తప్ప ఇంకోటి లేకపోవడమే నా గోల. ఒక సంచీ, ఒక చాప. ఆట చాప దాటకూడదు, అయ్యాక ముక్కలు సంచీలోకి. ఫ్రోబెల్ కూడా ఆట ముగిశాక ఎనిమిది ముక్కలనీ మళ్ళీ ఘనంగా పేర్చి పెట్టెలో పెట్టమనేవాడు.

ఇంకో మాట చెప్పకపోతే అబద్ధమవుతుంది. మా అపార్టుమెంటు పక్కన కొత్త భవనం లేస్తోంది. కూలీల పిల్లలు ఇసుకకుప్ప మీద విరిగిన ఇటుకలతో ఆడుతుంటారు. కర్రనీ అట్టపెట్టెనీ గొప్ప బొమ్మలన్నవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో రోచెస్టర్‌లోని ఆటల మ్యూజియం తన మేటి బొమ్మల జాబితాలో 2005లో అట్టపెట్టెనీ, 2008లో కర్రనీ చేర్చింది. కానీ ఆ పిల్లలది ఎంచుకున్న సాదాతనం కాదు. పక్కన ఇనప చువ్వలున్నాయి, మూతలేని నీళ్ళ గుంత ఉంది, వాళ్ళ ఆటలోకి వచ్చి ఉప్పు చాల్లేదనడానికి తీరికున్న పెద్దవాళ్ళు లేరు. సాదా బొమ్మలు చాలు అన్నామంటే, వాళ్ళకి ఏమీ అక్కర్లేదని కాదు. అంగన్‌వాడీలో ఒక పెట్టెడు దిమ్మలు, బంకమట్టి, గుడ్డపేలికలు, వాటితో ఆడనిచ్చే సమయం ఉండాలి. జాతీయ విద్యావిధానం ఆటలతో చదువు అని 2020లోనే రాసుకుంది. ఎన్‌సీఈఆర్‌టీ 2023 ఫిబ్రవరిలో మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 'జాదూయీ పిటారా' అనే సామాను పెట్టెని కూడా విడుదల చేసింది. పెట్టెలు తెరుచుకుంటున్నాయా, బీరువాల్లో ఉంటున్నాయా అన్నది మీ ఊరి బడికి వెళ్ళి మీరే చూడాలి.

జాగ్రత్తల విషయంలో మొహమాటం లేదు. మూడేళ్ళలోపు పిల్లలకి చింతపిక్కలు, గోళీలు, గచ్చకాయలు, గొంతులో పట్టే ఏ వస్తువూ ఇవ్వకూడదు. మనం బతికి బట్టకట్టాం కదా అనేది జవాబు కాదు. బ్యాటరీ బొమ్మలుంటే బిళ్ళ బ్యాటరీ ఉన్న అర మూతకి స్క్రూ ఉందో లేదో చూసుకోండి. ఆ బిళ్ళ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. రేపు చూద్దాం అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. దుకాణంలో కొనే బొమ్మల మీద ఐఎస్ఐ గుర్తు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి. హస్తకళల శాఖలో నమోదైన కళాకారులు చేసినవాటికీ, జీఐ బొమ్మలకీ దానినుంచి మినహాయింపు ఉంది. కాబట్టి లక్కపిడతల మీద ఆ గుర్తు లేదని కంగారు పడకండి. రంగులు వేటితో చేశారో మాత్రం అడగండి.

మా అల్మరాలు పన్నెండు రోజుల్లో అయిపోయాయి. మేస్త్రికి చెక్కముక్కలకని విడిగా డబ్బులివ్వబోతే తీసుకోలేదు. సంచీ మనవడితో పాటు వాళ్ళ ఊరికి వెళ్ళింది. ఏటవాలు ముక్క దారిలో రైల్లో పోయిందట. వాడు రెండు రోజులు గోల చేశాడట. ఫైరింజన్ పాట పోయినప్పుడు మాత్రం ఎవరూ ఏడవలేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో వడ్రంగి పని జరుగుతుంటే ఓసారి అటు వెళ్ళండి. సాయంత్రం చెత్త ఊడ్చే లోపు వెళ్ళండి. ప్లైవుడ్ వద్దనండి, రంగూ వార్నిషూ వెయ్యనివే అడగండి. టేకో వేపో, పిల్లల పిడికిలి కన్నా పెద్ద ముక్కలు ఓ ముప్పై ఏరుకుని అంచులు రుద్దివ్వమనండి. మేస్త్రికి ఒక టీ చెప్పండి. ఇంటికి తెచ్చి చాప మీద పోశాక, ఇది ఇల్లు, ఇది బండి అని మీరు మాత్రం చెప్పకండి.